రక్తనాళం లోపలి నుంచే రక్తస్రావాన్ని ఆపే బెలూన్లు, కాయిల్స్, గ్లూ: ఏది ఎప్పుడు పనికొస్తుంది?

సూర్యలంక
అందరికీ నమస్కారం. నేను క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్‌రే చూస్తూ రక్తనాళాల లోపల చికిత్స చేసే గది) టెక్నాలజీ చదువుతున్నాను. ఈమధ్య క్లాసులో రెబోవా గురించి చెప్పారు. గజ్జల దగ్గర తొడ ధమనిలోంచి కాథెటర్ అనే సన్నటి గొట్టం పంపి, బృహద్ధమనిలో బెలూన్ ఉబ్బించి, ఆ కిందకు రక్తం వెళ్లకుండా ఆపుతారు. యాక్సిడెంట్‌లో పొట్ట లోపలో, కటి ఎముకలు విరిగిన చోటో రక్తం ఆగకుండా పోతుంటే వాడతారట. వినగానే చాలా గొప్పగా అనిపించింది. కానీ బ్రిటన్‌లో చేసిన ట్రయల్‌లో బెలూన్ గ్రూపులోనే ఎక్కువ మంది చనిపోయారని సార్ చెప్పి, బెల్లు కొట్టగానే వెళ్లిపోయారు. రక్తం ఆపే పరికరం పెడితే చావులు పెరగడం ఏమిటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వంశధార
బాబూ, నేను జనరల్ సర్జన్‌ని, రిటైరయ్యాను. ముందు కాస్త చరిత్ర చెబుతాను, నీ ప్రశ్నకు జవాబు సగం అందులోనే ఉంది.

ఈ బెలూన్ ఆలోచన కొత్తది కాదు. కొరియా యుద్ధంలో అమెరికా సైనిక వైద్యుడు కార్ల్ హ్యూస్, పొట్టలో గాయాలతో చావు అంచున ఉన్న సైనికుల బృహద్ధమనిలో బెలూన్ ఉబ్బించి చూశాడు. 1954లో దాని గురించి రాశాడు. ఆ సైనికులు దక్కలేదు. అయినా బెలూన్‌ను ఇంకా ముందే పెట్టి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో అన్న ఆశ అప్పటి నుంచీ వైద్యులను వదల్లేదు. 1953లో స్వీడన్‌లో సెల్డింగర్ సూది, వైరు, కాథెటర్ వరుసను కనిపెట్టాడు. కోయకుండా ధమనిలోకి వెళ్లే దారి అలా దొరికింది. ఈరోజుకీ మీ క్యాథ్‌ల్యాబ్‌లో ప్రతి కేసూ ఆ వరుసతోనే మొదలవుతుంది. 1963లో థామస్ ఫోగార్టీ, ధమనిలో గడ్డను బయటికి లాగే బెలూన్ కాథెటర్ గురించి ప్రచురించాడు. మొదటి నమూనాకు బెలూన్‌గా సర్జికల్ గ్లవ్ వేలి కొసను కాథెటర్‌కు దారంతో కట్టాడు. అంత చిన్న పనిముట్టు ఎన్ని కాళ్లను కాపాడిందో నేను కళ్లారా చూశాను.

రెబోవా మళ్లీ వెలుగులోకి రావడానికి కారణం ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలు. చేతికో కాలికో గాయమైతే టూర్నికే అనే బిగింపు పట్టీ కట్టి ఆపొచ్చు. పొట్ట లోపల పోయే రక్తాన్ని బయటి నుంచి ఎలా నొక్కుతావు? ఆ ఖాళీని పూరించడానికి పుట్టిన పరికరం ఇది.

టైన్‌తీరం
నేను ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీలో నర్సుగా పనిచేస్తున్నాను, సొంతూరు తణుకు దగ్గర. ఆ ట్రయల్ ఫలితాలు వచ్చినప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లో చాలా చర్చ జరిగింది, అందుకని రాస్తున్నాను.

దాని పేరు యూకే రెబోవా. 16 పెద్ద ట్రామా సెంటర్లలో 90 మందిని తీసుకున్నారు. ఫలితాలు 2023లో వచ్చాయి. మామూలు చికిత్స గ్రూపులో 90 రోజుల్లోపు చనిపోయినవారు 42 శాతం. మామూలు చికిత్సతో పాటు రెబోవా కూడా అన్న గ్రూపులో 54 శాతం. మేలు కంటే కీడే కనిపిస్తోందని ట్రయల్‌ను ముందుగానే ఆపేశారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రెబోవా గ్రూపులోకి వచ్చినవాళ్లలో సగం కంటే తక్కువ మందికే నిజంగా బెలూన్ ఉబ్బించారు. కొందరికి అవసరం రాలేదు, కొందరికి ధమనిలోకి సూది దొరకలేదు. అయినా ఆ గ్రూపులో అసలు ఆపరేషన్ మొదలయ్యేసరికి ఎక్కువ సేపు పట్టింది. బీపీ 60కి పడిపోయిన మనిషికి తొడ ధమని నాడి చేతికి అందదు. అల్ట్రాసౌండ్ పెట్టి వెతుకుతారు. షీత్ (కాథెటర్ లోపలికి వెళ్లడానికి ధమనిలో ఉంచే గొట్టం) వేస్తారు, కొలత చూస్తారు, బెలూన్ ఉబ్బిస్తారు, సరైన చోట ఉందో లేదో చూసుకుంటారు. ఆ నిమిషాలన్నీ ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కు) వెళ్లాల్సిన నిమిషాలే కదా.

పరికరం తప్పు అని నేను అనను. 2014లో లండన్ ఎయిర్ అంబులెన్స్ వాళ్లు రోడ్డు పక్కనే రెబోవా చేశారు. అది రోజూ అదే పని చేసే చేయి తిరిగిన టీమ్. ఏడాదికో కేసు చూసే చోట అదే పరికరం పెట్టి అదే ఫలితం రమ్మంటే రాదు.

డా_మంజీర
నేను హైదరాబాద్‌లో ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుని, అంటే ఎక్స్‌రే చూస్తూ రక్తనాళాల లోపలి నుంచి చికిత్స చేసే డాక్టర్ని. సమయం గురించి టైన్‌తీరం గారు చెప్పింది అక్షరాలా నిజం. లోపల శరీరంలో జరిగేది నేను చెబుతాను.

ఎగువన తూము దించేస్తే గండి పడిన చోట నీళ్లు ఆగుతాయి, ఆ కింద ఆయకట్టంతా కూడా ఎండిపోతుంది. బెలూన్ చేసేది అచ్చంగా ఇదే. బృహద్ధమనిని మూడు జోన్లుగా చూస్తాం. ఎడమ చేతికి వెళ్లే ధమని దగ్గర నుంచి, కాలేయం, కడుపులకు రక్తం తీసుకెళ్లే సీలియాక్ ధమని వరకు జోన్ 1. మూత్రపిండాల ధమనుల దిగువ నుంచి బృహద్ధమని రెండుగా చీలే చోటు వరకు జోన్ 3. మధ్యలో ఉన్న జోన్ 2లో బెలూన్ పెట్టరు. పొట్టలో రక్తస్రావమైతే జోన్ 1లో, కటి ఎముకల దగ్గరైతే జోన్ 3లో ఉబ్బిస్తారు. జోన్ 1లో ఉబ్బించగానే గుండెకూ మెదడుకూ రక్తం అందుతుంది, బీపీ లేస్తుంది. ఆ క్షణం నుంచే కాలేయం, పేగులు, మూత్రపిండాలు, రెండు కాళ్లు ఆకలితో ఉంటాయి. అక్కడ అరగంట దాటకూడదని చూసుకుంటాం. జోన్ 3లో గంట వరకు ఓర్చుకోవచ్చు.

ఇంతకంటే ప్రమాదం బెలూన్ దించేటప్పుడు, అంటే ఉబ్బిన దాన్ని మళ్లీ కుదించేటప్పుడు. రక్తం అందని కండరాల్లో పేరుకున్న పొటాషియం, ఆమ్లాలు ఒక్కసారిగా గుండెకు చేరతాయి. బీపీ మళ్లీ కూలిపోతుంది, ఒక్కోసారి గుండె ఆగిపోతుంది. అందుకే కొంచెం కొంచెంగా దించాలి, దించే ముందు మత్తు డాక్టరుకు చెప్పాలి. పూర్తిగా మూయకుండా కొంత రక్తాన్ని కిందకు వదిలే పాక్షిక బెలూన్లు వచ్చింది కూడా ఇందుకే.

షీత్ వేసిన కాలు ఇంకో సమస్య. మొదట్లో 12, 14 ఫ్రెంచ్ షీత్‌లు వాడేవారు. 1 ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. అంటే నాలుగు మిల్లీమీటర్లకు పైగా లావున్న గొట్టాన్ని, రక్తం పోయి బీపీ పడిపోయిన షాక్‌లో ముడుచుకుపోయిన ధమనిలోకి నెట్టాలి. కాళ్లు తీసేయాల్సి వచ్చిన కేసులు ఉన్నాయి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చిన ఈఆర్-రెబోవా కాథెటర్ 7 ఫ్రెంచ్ షీత్‌లో పడుతుంది. కొంత నయం. అయినా గంటగంటకీ పాదం నాడి చూడాల్సిందే.

ఛాతీలో రక్తస్రావం ఉన్నవారికి బెలూన్ పెడితే పైభాగంలో ప్రెషర్ పెరిగి రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. కాబట్టి పెట్టే ముందే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌తో ఛాతీ చూడాలి.

సూర్యలంకా, నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. బెలూన్ రక్తస్రావాన్ని నయం చేయదు, కొంత సమయం కొనిపెడుతుంది. ఆ సమయంలో పనిచేసే సర్జనో, నాలాంటివాళ్లో అక్కడే సిద్ధంగా లేకపోతే ఆ కొన్న సమయానికి రోగి తన కాళ్లతో, కిడ్నీలతో ధర కడతాడు.

పాకాల_చెరువు
నమస్తే డాక్టర్ గారూ. నాది నర్సంపేట వైపు. నేను వైద్యం తెలిసినవాణ్ని కాదు. మా నాన్నకు ఎప్పుడో టీబీ వచ్చి మందులతో తగ్గింది. కానీ ఊపిరితిత్తిలో మచ్చ ఉండిపోయింది. పోయిన చలికాలం దగ్గుతుంటే నోట్లోంచి గిన్నెడు రక్తం పడింది. అందరం వణికిపోయాం. ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే రెండు బాటిళ్ల బ్లడ్ ఎక్కించి, అబ్జర్వేషన్ అని కూర్చోబెట్టారు. రక్తనాళాన్ని లోపలి నుంచి మూసే ప్రొసీజర్ చేసేవాళ్లు ఇక్కడ లేరన్న మాట పొద్దుపోయాక చెప్పారు. అది మొదటి గంటలోనే చెప్పి ఉంటే మేము అప్పుడే 108 ఎక్కేవాళ్లం. చివరికి హైదరాబాద్‌లో గజ్జల దగ్గర నుంచి వైరు పంపి రక్తనాళం మూసేశారు. కోత లేదు, మరుసటి రోజు లేచి కూర్చున్నారు.

నా ప్రశ్న ఏమంటే, మళ్లీ రావొచ్చు అన్నారు. మూసేసిన నాళం నుంచి మళ్లీ ఎలా వస్తుంది? శాశ్వతంగా మూసేసే కాయిల్ (తీగ చుట్ట) పెట్టమని అడగాల్సిందా?

డా_మంజీర
పాకాల గారూ, మీ నాన్నగారు కోలుకున్నందుకు సంతోషం. మీ ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబే ఉంది.

ఊపిరితిత్తికి రెండు రకాల ధమనులు ఉంటాయి. కఫంలో పెద్దగా రక్తం పడే కేసుల్లో ఎక్కువ శాతం బ్రాంకియల్ ధమనుల (శ్వాసనాళాల గోడలకు రక్తం తెచ్చేవి) నుంచే వస్తుంది. మామూలుగా ఇవి సన్నటి దారాల్లా ఉంటాయి. టీబీ మచ్చ, పాత గుల్లలో పెరిగిన ఫంగస్, బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు పాడై వెడల్పైపోవడం) ఉన్నచోట ఏళ్ల తరబడి వాపు వల్ల అవి లావెక్కి మెలికలు తిరుగుతాయి. వాటిలోకి మైక్రో కాథెటర్ పంపి, పీవీఏ అనే ప్లాస్టిక్ రేణువులను వదులుతాం. 300 మైక్రాన్ల కంటే చిన్నవి సాధారణంగా వాడం. చిన్నవైతే పక్కదారుల్లోంచి జారి ఎక్కడికో పోతాయి.

కాయిల్ ఎందుకు పెట్టలేదంటే, కాయిల్ నాళం మొదట్లో కూర్చుని దారి మూసేస్తుంది. మచ్చ మాత్రం అలాగే ఉంటుంది, ఛాతీ గోడ నుంచో, భుజం వైపు నుంచో కొత్త నాళాలు దానికి రక్తం తెచ్చుకుంటాయి. మళ్లీ రక్తం పడినప్పుడు మాకు లోపలికి వెళ్లే దారి ఉండదు. అందుకే దారి తెరిచి ఉంచి, చివరి కొమ్మలను మాత్రం మూస్తాం. మీ నాన్నగారికి చేసింది సరైన పనే. మళ్లీ వస్తే మళ్లీ చేయవచ్చు.

ఈ ప్రొసీజర్‌లో మాకు భయం వెన్నుపాము ధమని గురించి. కొందరిలో అది బ్రాంకియల్ ధమనితో కలిసే పుడుతుంది. చూడకుండా రేణువులు వదిలితే కాళ్లు పడిపోతాయి. అందుకని ముందు యాంజియోలో (నాళంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో) దాని కోసం ప్రత్యేకంగా వెతుకుతాం.

ఇంట్లో వాళ్లందరికీ ఒక మాట. ఇలాంటి రోగులు ఎక్కువగా రక్తం పోయి కాదు, ఆ రక్తం మంచి ఊపిరితిత్తిలోకి వెళ్లి ఊపిరాడక చనిపోతారు. ఏ వైపు జబ్బుందో తెలిస్తే ఆ వైపు కిందకు వచ్చేలా పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు.

డా_పెన్న
ఈ చర్చలో కాన్పుల సంగతి ఇంకా రాలేదు. నేను నెల్లూరు జిల్లాలో గైనకాలజిస్టుని.

కాన్పు తర్వాత రక్తస్రావానికి గర్భాశయ ధమని ఎంబొలైజేషన్ (నాళాన్ని లోపలి నుంచి మూయడం) 1979 నుంచీ ఉంది. జెల్‌ఫోమ్ అనే స్పాంజి ముక్కలతో ఆ ధమనులను తాత్కాలికంగా మూస్తారు. కొన్ని వారాల్లో అది కరిగిపోయి నాళం తెరుచుకుంటుంది. గర్భసంచి మిగులుతుంది, చాలామందికి నెలసరి తిరిగి వస్తుంది, తర్వాత గర్భం వచ్చినవారూ ఉన్నారు. ఇరవై మూడేళ్ల అమ్మాయికి గర్భసంచి తీయకుండా ప్రాణం దక్కడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు.

కానీ మా ఊరి నుంచి క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఊరికి దారి పొడవు ఎంతో చూడండి. దారిలోనే ప్రాణం పోయే రక్తస్రావం ఇది. అందుకే మా చేతిలో ఉన్నవి ముందు: గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, మర్దన, రక్తపు గడ్డ కరగకుండా చూసే ట్రానెక్సామిక్ ఆమ్లం మూడు గంటల్లోపు, గర్భసంచి లోపల ఉబ్బించే బెలూన్. ఖరీదైన బెలూన్ దొరకనిచోట కండోమ్‌ను కాథెటర్‌కు కట్టి, సెలైన్‌తో ఉబ్బించే పద్ధతిని బంగ్లాదేశ్‌లో డాక్టర్ సయేబా అఖ్తర్ చూపించారు. ఎన్ని దేశాల్లో ఎంతమంది తల్లులు దానివల్ల బతికారో! ఇది రక్తనాళంలో పెట్టే పరికరం కాదు, అయినా ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

రక్తనాళంలో పెట్టే బెలూన్లు నిజంగా పనికొచ్చేది ముందే తెలిసిన కేసుల్లో. రెండు మూడు సిజేరియన్ల తర్వాత మాయ పాత కుట్టులోకి పాతుకుపోయిన వాళ్లు ఉంటారు. స్కాన్‌లో అది నెలల ముందే తెలుస్తుంది. వాళ్లను పెద్ద సెంటర్‌కు పంపితే ఆపరేషన్‌కు ముందే ధమనుల్లో బెలూన్లు పెట్టి ఉంచుతారు, అవసరమైతే ఉబ్బిస్తారు. దీనివల్ల అందరికీ లాభమేనా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. రక్తం, టీమ్, ఐసీయూ ఉన్నచోట కాన్పు జరగడం మాత్రం అందరూ ఒప్పుకునే మాట. సిజేరియన్ అయిన ప్రతి తల్లీ తర్వాతి గర్భంలో స్కాన్ చేయించుకుంటూ, మాయ ఎక్కడుందో అడగాలి.

వంశధార
మంజీర గారి మాటలన్నీ ఒప్పుకుంటూనే నా పక్షం చెప్పాలి. ఈమధ్య కుర్ర డాక్టర్లు రక్తస్రావం అనగానే క్యాథ్‌ల్యాబ్ అంటున్నారు. బీపీ నిలబడని మనిషిని క్యాథ్‌ల్యాబ్ టేబుల్ మీద పడుకోబెట్టి చిన్న నాళం కోసం వెతకడం నాకు భయం. స్ప్లీన్ (ప్లీహం) చితికి పొట్ట నిండా రక్తం ఉంటే కోసి తీసేయడమే తొందరగా అయ్యే పని. కటి ఎముకలు విరిగితే ముందు నడుం కింద బిగించే బైండర్ పట్టీ కట్టాలి. బైండర్ లేకపోతే దుప్పటి బిగించి కట్టినా పనికొస్తుంది. చాలా కేసుల్లో రక్తం సిరల నుంచీ విరిగిన ఎముక నుంచీ వస్తుంది, ధమనిలో కాయిల్ పెడితే అది ఆగదు. దానికి గుడ్డ కూరడమే మార్గం.

డా_మంజీర
సార్, ఇందులో మనకు తగవు లేదు. బీపీ నిలబడని వాళ్లు మీ దగ్గరికే రావాలి. రక్తం ఎక్కిస్తే నిలబడి, సీటీ యాంజియోలో ధమని నుంచి రక్తం చిమ్మడం కనిపించే వాళ్లు నా దగ్గరికి. స్ప్లీన్, కాలేయం, కిడ్నీ గాయాల్లో చాలామందికి ఇప్పుడు పొట్ట కోయకుండానే అవయవం మిగులుతోంది. పీసీఎన్ఎల్‌తో (నడుం వెనక చిన్న రంధ్రం చేసి) కిడ్నీ రాయి తీయించుకున్నాక కొన్ని రోజులకు మూత్రంలో ఎర్రగా రక్తం పడితే ఒకప్పుడు కిడ్నీ తీసేసేవారు. ఇప్పుడు రెండు చిన్న కాయిల్స్‌తో సరిపోతుంది. ఇద్దరం ఒకే గదిలో పనిచేసే హైబ్రిడ్ ఓటీలు ఇంకా ఎక్కువ ఊళ్లకు రావాలని నా కోరిక.

వంశధార
ఆ చివరి మాటకు నా ఓటు కూడా వేసుకోండి.

సూర్యలంక
అందరికీ చాలా థ్యాంక్స్. క్లాసులో ఇంత రాలేదు. ఇంకో ప్రశ్న. కాయిల్, ప్లగ్, గ్లూ, జెల్‌ఫోమ్ అన్నీ ట్రాలీలో ఉంటాయి. ఏది తీయాలో డాక్టర్లు ఎలా నిర్ణయిస్తారు? టెక్నీషియన్‌గా నేను ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

డా_మంజీర
మంచి టెక్నీషియన్ అడిగే ప్రశ్న ఇది.

1972లో అమెరికాలో రోష్, డాటర్ బృందం జీర్ణాశయ రక్తస్రావాన్ని రోగి సొంత రక్తపు గడ్డతోనే ఆపారు. 1975లో జియాంటుర్కో కాయిల్ వచ్చింది. స్టీలు తీగ చుట్టకు ఉన్ని పోగులు కట్టేవారు. ఇప్పటి కాయిల్స్‌లో ఎక్కువగా ప్లాటినం తీగ, సింథటిక్ పీచు. కానీ సూత్రం అదే: తీగ అడ్డుపడుతుంది, పీచు మీద రక్తం గడ్డ కడుతుంది. అంటే సగం పని రోగి రక్తమే చేయాలి. బ్లడ్ బాటిళ్లు చాలా ఎక్కించినవాడికి, ఒళ్లు చల్లబడినవాడికి రక్తం గడ్డకట్టదు. కాయిల్స్ వరసగా పెడుతున్నా వాటి మధ్యలోంచి రక్తం పారుతూనే ఉంటుంది. అప్పుడు గ్లూ తీస్తాం. అది రక్తం తగలగానే తనంతట తానే గట్టిపడుతుంది.

ఇక్కడే నీ పని. గ్లూ వాడే ముందు కాథెటర్‌ను సెలైన్‌తో కాదు, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కడగాలి. సెలైన్ తగిలితే గ్లూ కాథెటర్‌లోనే బిగుసుకుపోతుంది. ఆ గిన్నెలూ సిరంజీలూ వేరే ట్రేలో, లేబుల్‌తో ఉండాలి. తొందరలో రెండు తెల్లటి నీళ్లూ కలిసిపోతే జరిగే నష్టం రోగిది. గ్లూ ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి, కనపడే లిపియోడాల్ అనే నూనె మందు కలుపుతాం. ఎంత ఎక్కువ కలిపితే అంత ఆలస్యంగా గట్టిపడుతుంది, ఆ పాళ్లు డాక్టర్ చెప్తారు.

పెద్ద నాళమై, రక్తం జోరుగా పారుతుంటే నిటినాల్ అనే లోహపు తీగతో వలలా అల్లిన ప్లగ్ పెడతాం. నాళం మూసేస్తే అవయవం చచ్చిపోయే చోట, అంటే బృహద్ధమని లాంటి చోట, కవర్డ్ స్టెంట్ (పొర కప్పిన లోహపు వల గొట్టం) పెట్టి చిల్లును లోపలి నుంచి కప్పుతాం, రక్తం దాని లోపల నుంచి పోతూనే ఉంటుంది. అల్సర్ వెనకున్న గాస్ట్రోడ్యుయోడినల్ ధమనికి రెండు వైపుల నుంచీ రక్తం వస్తుంది. ఒకవైపే మూస్తే ఇంకోవైపు నుంచి మళ్లీ చిమ్ముతుంది. గాయానికి అటూ ఇటూ రెండు వైపులా కాయిల్ పడాలి. నువ్వు స్క్రీన్ మీద ఆ నాళాన్ని చూడగానే, ఒక సైజు కాదు, రెండు మూడు సైజుల కాయిల్స్ చేతికందేలా పెట్టుకుంటే డాక్టర్‌కు సగం టెన్షన్ తగ్గుతుంది.

టైన్‌తీరం
సూర్యలంకా, ఇంకోటి కూడా రాసుకో. రోగిని వెచ్చగా ఉంచు. క్యాథ్‌ల్యాబ్ ఏసీ మెషీన్ల కోసం పెట్టింది. వార్మర్ వేయడం, ఎక్కించే రక్తాన్ని వేడి చేయడం నువ్వు గుర్తు చేయాలి. ఒళ్లు చల్లబడటం, రక్తంలో ఆమ్లం పెరగడం, గడ్డకట్టకపోవడం ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుతాయి.

పాకాల_చెరువు
ఖర్చు గురించి కూడా ఎవరైనా చెప్పండి. మాకు కాయిల్స్ లేవు కాబట్టి కొంత తక్కువే అయింది. పక్క బెడ్ వాళ్లకు ఒక్కో కాయిల్‌కు ఒక్కో బిల్లు వేశారు.

డా_పెన్న
పాకాల గారూ, అడ్మిషన్ రోజే ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఆ ప్రొసీజర్ పేరు చెప్పి, అది ప్యాకేజీలో ఉందో లేదో, కాయిల్ ఖర్చు అందులోకే వస్తుందో రాదో అడగాలి. ఆంధ్రలో అయితే అదే పని ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో. రోడ్డు ప్రమాదమైతే 2025 మే నుంచి కేంద్రం పథకం ఉంది. జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేయాలి. ఇది చాలామందికి తెలియదు, చుట్టుపక్కల వాళ్లకు చెప్పండి.

కొల్లేటి_కొంగ
ఎప్పటి నుంచో ఈ వేదిక చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మా అక్కకు స్ప్లీన్ ధమనిలో కాయిల్స్ పెట్టారు. ఇప్పుడు నడుం నొప్పికి ఎమ్మారై రాశారు. ఒంట్లో లోహం ఉంది కదా అని అక్క వెళ్లనంటోంది. చేయించుకోవచ్చా మేడమ్?

డా_మంజీర
ఇప్పుడు వాడే ప్లాటినం కాయిల్స్‌తో చాలా వరకు ఎమ్మారై చేయించుకోవచ్చు, కొన్ని షరతులు ఉంటాయి. అక్క డిశ్చార్జ్ సమ్మరీలో కాయిల్ కంపెనీ, రకం, పెట్టిన తేదీ రాసి ఉంటాయి. ఇంప్లాంట్ స్టిక్కర్ కూడా అంటించి ఇస్తారు. అది తీసుకెళ్లి స్కాన్ గదిలోకి వెళ్లేముందే టెక్నీషియన్‌కు చూపించండి. స్టిక్కర్ పోతే ప్రొసీజర్ చేసిన ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్ రిజిస్టర్‌లో ఉంటుంది, అక్కడ అడిగితే రాసిస్తారు. తెలుసుకోకుండా స్కాన్ గదిలోకి మాత్రం వెళ్లొద్దు.

కొల్లేటి_కొంగ
స్టిక్కర్ ఫైల్లోనే ఉందట మేడమ్, అక్క ఇప్పుడే ఫోటో పంపింది. రేపు చూపించి అడుగుతాం.